విమానానికి పెట్టిన బొట్టు

2004 మార్చిలో ఒక సరుకు రవాణా విమానాల కంపెనీ నాకు షరతు మీద ఉద్యోగం ఇచ్చింది. బ్యాంకు చెక్కుల సంచులూ, పార్సిళ్ళూ ఊరూరా చేరవేసే చిన్న విమానాలకు కెప్టెన్ ఉద్యోగం. పేరుకే కెప్టెన్. పక్కన కోపైలట్ అంటూ ఎవరూ ఉండరు, సంచులు ఎక్కించుకోవడం దించుకోవడం కూడా కెప్టెనే చేసుకోవాలి. షరతు ఏమిటంటే, సెప్టెంబరులో మొదలయ్యే శిక్షణ బ్యాచ్ నాటికి నా ఖాతాలో పన్నెండువందల గంటల ఫ్లయింగ్ ఉండాలి. మబ్బుల్లో మీటర్లు చూసుకుంటూ ఒంటరిగా సరుకు మోసే పైలట్‌కి చట్టం పెట్టిన కనీస అనుభవం అది. నాకు ఏడువందల చిల్లర ఉన్నాయి. ఈ బ్యాచ్ తప్పితే మళ్ళీ ఎప్పుడని అడిగితే వాళ్ళు భుజాలెగరేశారు.

అప్పటికి నాకు నలభై అయిదేళ్ళు. ఫీనిక్స్ నగరం పక్కన చాండ్లర్‌లో ఒక కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో టెస్ట్ ఇంజనీరుగా చేసి, 2002 లేఆఫ్‌లలో బయటికొచ్చినవాణ్ణి. సరదాకి నేర్చుకున్న విమానాన్ని బతుకుతెరువు చేసుకుందామని బయల్దేరాను. ఆనాటి నిబంధన ప్రకారం ఎయిర్‌లైన్ పైలట్లు అరవయ్యో ఏట దిగిపోవాలి. సరుకు విమానంలో కొన్నాళ్ళు చేస్తే గాని ఎయిర్‌లైన్ వాళ్ళు తలుపు తియ్యరు. కాబట్టి నాకు ప్రతి నెలా ఒక నెల తక్కువే. ఆ రోజుల్లో నేను సిగ్నల్ దగ్గర కారులో కూర్చుని కూడా స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తుండేవాణ్ణి. ఇంట్లో ఎవరైనా మాట మొదలుపెడితే వాళ్ళు ముగించేలోపు నేను లేచి నిలబడేవాణ్ణి.

గంటలు పెంచుకోడానికి మామూలు దారి శిక్షకుడిగా చేరడం. కానీ న్యూయార్క్ టవర్లు కూలిన తరవాత ఫ్లయింగ్ స్కూళ్ళలో విద్యార్థులు పలచబడి, ఉన్న శిక్షకులే ఖాళీగా కూర్చున్నారు. అద్దె విమానమైతే ఇంజను తిరిగినంతసేపూ జేబు కరిగిపోతుంది. అందుకని పాత విమానం ఒకటి కొని, గంటలు అయిపోయాక అమ్మేయడమే మేలని లెక్క తేలింది. ఇక్కడ చాలామంది చేసే పనే అది. టెక్సాస్‌లో ఒక రిటైరైన పశువుల డాక్టరు దగ్గర దొరికింది. 1967 నాటిది, రెండు సీట్లు, రెక్కలు నెత్తి మీదుగా ఉంటాయి, గంటకు వంద మైళ్ళు పోతే గొప్ప. అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్ చేత సిలిండర్లూ రెక్కల లోపలి తుప్పూ చూపించి, ఏప్రిల్‌లో ఒక శుక్రవారం సాయంత్రానికి చాండ్లర్‌కి తోలుకొచ్చాను.

భాగస్వామి శ్రీకాంత్. కరీంనగర్ అబ్బాయి, నా పాత ఫ్యాక్టరీలోనే హెచ్1బీ మీద పనిచేసేవాడు. పైలట్ లైసెన్సు ఉంది కానీ ఆ వీసా మీద పైలట్ ఉద్యోగం చేయకూడదు. గ్రీన్ కార్డు వచ్చేనాటికి గంటలైనా పోగేసుకుందామని వాడి ఆరాటం. విమానాన్ని వాడి పేర రిజిస్టర్ చేయించడం కూడా కుదరదు, పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే ఆ హక్కు. అందుకని విమానం నాది, పెట్రోలు ఇద్దరిదీ. ఇద్దరం కలిసి ఎగరడంలో ఒక సదుపాయం ఉంది. ఒకడు హుడ్ పెట్టుకుంటాడు. అది టోపీ అంచులా నుదుటి మీద నుంచి కిందికి దిగి, ఎదురుగా ఉన్న మీటర్లు తప్ప కిటికీలోంచి ఏమీ కనపడకుండా చేస్తుంది. మబ్బుల్లో ఎగరడం సాధన చేసే పద్ధతి అది. వాడికి ఏమీ కనపడదు కనక, రెండోవాడు బయటికి చూస్తూ కాపలా పైలట్‌గా ఉండాలని చట్టం. ఆ గంట ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది.

నా భార్య విమలకి ఈ కొనుగోలు సుతరామూ ఇష్టం లేదు. ఆమె మా పక్క ఊరు మీసాలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. రెండేళ్ళుగా ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది, ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. "కొన్నారు, సరే. పూజ చెయ్యకుండా మళ్ళీ ఎక్కితే మాత్రం నేనూరుకోను," అంది. ఎయిర్‌పోర్టులో పూజేమిటి, చూసేవాళ్ళు ఏమనుకుంటారని గొణిగాను. "కారుకి చేసినప్పుడు లేని సిగ్గు దీనికెందుకండీ?" అంది.

శనివారం పొద్దున్న ముగ్గురం వెళ్ళాం. నేను ముందుగా ప్రీఫ్లైట్ చేశాను. ఎగిరే ముందు పైలట్ విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముక్కు నుంచి తోక దాకా ప్రతి మేకునీ, ప్రతి బెజ్జాన్నీ చేత్తో తడిమి చూసే పని అది. అంతా బాగుంది. అప్పుడు విమల బుట్ట విప్పింది.

ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే సిమెంటు గచ్చు మీద, పైలట్‌కి రెండు భయాలుంటాయి. ఒకటి మంట, రెండోది ప్రొపెల్లర్ గాలికి లేచి తగిలే చెత్త. కర్పూరం వెలిగించడానికి వీల్లేదన్నాను. విమల కాసేపు మొహం ముడుచుకుని, నా ఫ్లయింగ్ బ్యాగులోని టార్చి లైటు తీసి, వెలిగించి, దానితోనే హారతి ఇచ్చింది. శ్రీకాంత్ కళ్ళకద్దుకున్నాడు. కొబ్బరికాయ కొట్టగానే నేను మోకాళ్ళ మీద కూర్చుని చిప్ప ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. ఒక్క పెంకు మిగిలినా ప్రొపెల్లర్ దాన్ని రాయిలా విసురుతుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను, తొక్కించాక వాటినీ ఏరాల్సిందేనని శ్రీకాంత్‌కి చెప్పాను. ఈలోగా విమల, నేను పెట్రోలు చూసుకోడానికి తెచ్చుకున్న చిన్న నిచ్చెన వేసుకుని, విమానానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూలు అలంకరించింది. నేను తలెత్తి చూసేసరికి ముక్కు మీది దండ తప్పించి అన్నీ బాగానే కనిపించాయి. దండ తీసేయించాను. గడియారం చూసుకున్నాను. ఎండ ముదిరితే గాలి పలచబడి ఈ ముసలి ఇంజను ఎక్కలేదు. మళ్ళీ ప్రదక్షిణం చేయలేదు. చేసిందే కదా అనుకున్నాను.

గాల్లోకి లేవగానే నేను హుడ్ దించుకున్నాను. మూడువేల అడుగులకు ఎక్కి సమంగా పోవాలి. ఎత్తు చూపే ముల్లు కాస్త బద్ధకంగా కదిలింది. పాత విమానం, పాత మీటరు అనుకున్నాను. మూడువేలు రాగానే ముక్కు దించి సర్దాను. ముల్లు అక్కడ నిలిచిపోయింది. అంత నిక్కచ్చిగా ఎత్తు నిలపడం నా జన్మలో ఎప్పుడూ చేయలేదు. పక్కన ఎక్కుడు దిగుడు చూపే మీటరు కూడా సున్నా మీద కదలకుండా ఉంది. లోలోపల మురిసిపోయాను. వేగం మాత్రం కొద్దికొద్దిగా తగ్గుతూ కనిపించింది. ఇంజను పవర్ పెంచాను. మళ్ళీ తగ్గింది. మళ్ళీ పెంచాను.

"అన్నా, ఇండ్లు బాగ చిన్నగ కనబడుతున్నయ్," అన్నాడు శ్రీకాంత్.

"మూడువేలే ఉన్నాం. మీటర్ చూడు," అన్నాను.

"మీటర్ చూసిన. ఇండ్లు గూడ చూస్తున్న."

హుడ్ కింద ఎగిరేవాడికి మొదటి రోజు నేర్పేది ఒకటే. ఒంటికి తోచింది నమ్మకు, మీటరు చెప్పింది నమ్ము. నేను ఆ పాఠం వాడికి అప్పజెబుతూ ఉండగానే వాడు నా హుడ్ పట్టి లాగేశాడు. కుడివైపు, మేం ఉన్న ఎత్తులోనే, ఒక ప్రయాణికుల జెట్ రెక్క వంచి పక్కకి తిరిగిపోతోంది. కిటికీలు లెక్కపెట్టగలిగేంత దగ్గర కాదు, కానీ కిటికీలు ఉన్నాయని తెలిసేంత దగ్గర. ఫీనిక్స్ చుట్టూ జెట్లు దిగే దారులను కాపాడటానికి ఆకాశాన్ని అంతస్తులుగా విడగొట్టి, అనుమతి లేనిదే చిన్న విమానాలు అందులోకి రాకూడదని గీతలు గీశారు. మా మీటరు లెక్కన మేం ఆ గీతలకు చాలా కింద ఉన్నాం. కంటి లెక్కన అందులో ఉన్నాం.

అప్పుడు బుర్ర పనిచేసింది. మూడు మీటర్లు ఒకేసారి చెడిపోవు. ఎత్తు, వేగం, ఎక్కుడు దిగుడు, ఈ మూడింటికీ బయటి గాలి ఒత్తిడి ఒకే బెజ్జం నుంచి ఒకే గొట్టంలో వస్తుంది. ఆ బెజ్జాన్ని స్టాటిక్ పోర్ట్ అంటారు. అది మూసుకుపోతే ఎత్తు ముల్లు మూసుకున్న చోటే ఆగిపోతుంది. పైకి పోతుంటే వేగం తక్కువగా కనిపిస్తుంది. నేను వేగం కోసం పవర్ పెంచుతున్నాననుకుంటూ విమానాన్ని పైకెక్కిస్తూ వచ్చాను. అంతకన్నా చెడ్డది దిగేటప్పుడు. మూసుకున్న ఎత్తుకన్నా కిందికి వస్తే వేగం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. బాగానే పోతున్నామనుకుని నెమ్మదిస్తే, రెక్కలు గాలిని వదిలేసి విమానం రాయిలా పడుతుంది.

దీనికి విద్యార్థి దశలోనే చెప్పే విరుగుడు ఒకటుంది. ఎక్కుడు దిగుడు మీటరు అద్దం పగలగొడితే కేబిన్‌లోని గాలి దాని గుండా గొట్టంలోకి చేరి మిగతా రెండింటినీ బతికిస్తుంది. మూడింటిలో అది లేకపోయినా ఇల్లు చేరగలం కనక దాన్నే బలి ఇస్తారు. టార్చి తీసి కొట్టమన్నాను. "కొత్త బండన్నా!" అన్నాడు శ్రీకాంత్, ముప్పై ఏడేళ్ళ విమానాన్ని పట్టుకుని. రెండో దెబ్బకి అద్దం పగిలింది. ఎత్తు ముల్లు ఒక్క ఉదుటున లేచి, దాదాపు అయిదువేల దగ్గర ఆగింది. నేను పవర్ తగ్గించి, గీతల కిందికి జారి, చాండ్లర్ టవర్‌ని పిలిచాను. మామూలుకన్నా కొంచెం ఎక్కువ వేగంతోనే దిగాను. చక్రాలు ఆనాయో లేదో, టవర్ కంట్రోలర్ ఒక ఫోన్ నంబరు చెప్పి, ఆగగానే దానికి కాల్ చేయమన్నాడు.

పైలట్‌కి ఇంతకన్నా భయపెట్టే మాట లేదు. రాడార్ గది సూపర్‌వైజర్ నంబరు అది. విమానయాన శాఖ నా మీద ఉల్లంఘన నమోదు చేస్తే అది రికార్డులో ఉండిపోతుంది. సరుకు కంపెనీలో చేరేటప్పుడు నింపే కాగితాల్లో మొదటి పేజీలోనే అడుగుతారు, ఉల్లంఘనలు ఉన్నాయా అని. పన్నెండువందల గంటలు కాదు, పన్నెండువేలు తెచ్చినా ఆ గడిలో అవునని రాస్తే నా సీటు ఇంకొకడికి పోతుంది.

ఇంజను ఆపి దిగి చూశాను. విమానం ఎడమవైపు, తలుపుకి ముందు, రూపాయి బిళ్ళంత గుండ్రటి రేకు ఉంటుంది. దాని నడుమ సన్నటి బెజ్జం, అదే స్టాటిక్ పోర్ట్. ఆ రేకు నిండా పసుపు ముద్ద, నడుమ కాటుక చుక్క. తడిగా ఉన్నప్పుడు కొంచెం గాలి ఆడినట్టుంది, పైన పొడి గాలికి ఆరి గచ్చులా బిగిసింది. మొహమైతే అది సరిగ్గా చెంప. విమానానికి దిష్టిచుక్క పెట్టింది విమల. నేను వేలి గోటితో గీకడం మొదలుపెట్టాను.

"అన్నా, వదినకు ఇప్పుడేం చెప్పకు," అన్నాడు శ్రీకాంత్ గొంతు తగ్గించి. "కందిరీగ మట్టితోని గూడు కట్టిందని చెప్దాం. ఎడారిల ఇది రోజూ అయ్యేదే, ఎవ్వడూ మళ్ళ అడగడు."

నిజంగానే ఎవ్వడూ అడగడు. నాకు ఆ మాట నచ్చింది. ఫోన్‌లో ఏం చెప్పాలో వాక్యం కూడా కూర్చుకున్నాను. అంతలో వెనక నుంచి విమల గొంతు వినిపించింది. "నేను పెట్టిన బొట్టెందుకండీ గీకుతున్నారు?" పులిహోర డబ్బాతో మా కోసం నీడలో కూర్చున్న మనిషి, మేం తొందరగా వచ్చేశామని లేచి వచ్చింది.

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాను. డబ్బా కింద పెట్టేసింది. పగిలిన అద్దం చూసింది, ఆ చుక్కని చూసింది, తన కుడిచేతి ఉంగరపు వేలిని చూసుకుంది. నాకు ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధం. కందిరీగ సంగతి శ్రీకాంత్ ఆమెకీ చెప్పాడు, ఊరడింపుగా.

"ఫోన్ చెయ్యండి. నా ఎదురుగానే చెయ్యండి," అంది. "నేను పెట్టానని చెప్పండి. ఆ పురుగేం చేసిందని దాని మీదకి తోస్తారు?"

సూపర్‌వైజర్ మర్యాదస్తుడు. వరసగా అడిగాడు, వరసగా చెప్పాను. అడ్డం ఏమిటన్నాడు. పసుపు అన్నాను. కూరల్లో వేసే పసుపేనా అన్నాడు. అవునండీ, కొత్త బండి కొంటే మాలో దేవుడికి పూజ చేసి బొట్టు పెడతారు, ప్రీఫ్లైట్ అయ్యాక నా భార్య పెట్టింది, ఆ తరవాత నేను మళ్ళీ చూడలేదు అన్నాను. ఆయన నవ్వలేదు. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇలాంటిది తన సర్వీసులో వినలేదనీ, స్థానిక కార్యాలయానికి పంపిస్తున్నాననీ, ఒక ఇన్‌స్పెక్టర్ కబురు చేస్తాడనీ చెప్పి పెట్టేశాడు.

ఆ తరవాతి రోజులు నేను మనిషిలా లేను. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ణి, మోగకపోతే తీసి పనిచేస్తోందో లేదో చూసేవాణ్ణి. ఎగరని ప్రతి పూటా సెప్టెంబరులోంచి కోసేసినట్టే ఉండేది. మెకానిక్ ఆ బెజ్జం శుభ్రం చేసి, గొట్టం పరీక్షించి, మంగళవారం మధ్యాహ్నానికి కొత్త మీటరు బిగించాడు. ఎవరూ ఎగరొద్దని అనలేదు కదా, పోగొట్టుకున్న గంటలు రాబట్టుకుందామని సాయంత్రమే బయల్దేరబోయాను. బాగా నెమ్మదిగా ఎగిరి చూడాలనుకున్నాను, కొత్తగా కొన్న విమానం స్వభావం అలాగే తెలుస్తుంది. అప్పుడే ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు, గంటలో వస్తున్నాను, వీలుంటే మీ ఆవిడని కూడా రమ్మనండి అని.

విమల ఆసుపత్రి దుస్తుల్లోనే వచ్చింది. ఆయన పెద్దవాడు, నిదానస్తుడు. నా లైసెన్సు చూసి ఇచ్చేసి, ఆమెతో, శనివారం చేసిందంతా చేసింది చేసినట్టు, ఆ వరసలోనే చూపించమన్నాడు. రక్తం నమూనాల దగ్గర ఏది ముందు ఏది వెనక అన్నది తప్పితే ఒప్పుకోని ఉద్యోగం ఆమెది. వట్టి వేలితో మొదలుపెట్టింది. ఇక్కడ పసుపు, ఇక్కడ కుంకుమ, ఇక్కడ దిష్టిచుక్క. ప్రొపెల్లర్ కొన మీద ఒకటి. తలుపు పిడి మీద ఒకటి. నేను మెకానిక్ రశీదు చేత్తో పట్టుకుని, తొందరగా అయిపోతే బాగుండునని కాలు మార్చి కాలు మీద నిలబడ్డాను.

ఆమె నిచ్చెన ఎడమ రెక్క కిందికి జరిపి ఎక్కింది. "ఇక్కడొక కంత ఉంది కదా, ఇందులో బంతిపువ్వు గుచ్చాను," అంది, నాతో తెలుగులో, తరవాత ఆయనతో ఇంగ్లీషులో.

రెక్క ముందు అంచులో ఉండే ఆ కంత వెనక ఒక చిన్న బూర ఉంటుంది. విమానం మరీ నెమ్మదించి పడిపోబోయే ముందు, కంతలోంచి గాలి లాక్కుని కూస్తుంది. కరెంటూ బ్యాటరీ ఏమీ లేని హెచ్చరిక. ఇన్‌స్పెక్టర్ నిచ్చెనెక్కి, జేబురుమాలు కంతకి అడ్డం పెట్టి, నోటితో గట్టిగా గాలి పీల్చాడు. ప్రీఫ్లైట్‌లో దాన్ని పరీక్షించే పద్ధతి అదే, శనివారం పొద్దున్న నేనూ చేశాను, బాగానే కూసింది. ఈ పూట మాత్రం బాగుచేసిన బెజ్జం ఒక్కటీ చూసుకుని మిగతాది వదిలేశాను. ఇప్పుడు కూయలేదు. మళ్ళీ పీల్చాడు. లేదు. సన్నటి పట్టకారుతో లోపలి నుంచి వాడిన కాడ ఒకటి, నలిగిన రేకలు కొన్ని బయటికి లాగి నా అరచేతిలో పెట్టాడు. పువ్వు గాలికి ఊడిపోయింది, కాడ లోపల ఉండిపోయింది. శనివారం నేను దిగింది ఆ బూర లేకుండానే. ఆయన ఇంకో గంట ఆగి ఫోన్ చేసి ఉంటే, ఈలోగా నేను కావాలని నెమ్మదించడానికి ఎగిరేవాణ్ణి.

దిగి చేతులు దులుపుకుంటూ ఆయన, ఎవరైనా శిక్షకుడి దగ్గర కొన్ని పాఠాలు మళ్ళీ చెప్పించుకుని సంతకం తెచ్చి చూపిస్తే ఈ సంగతి ఇంతటితో సరి, ఉల్లంఘన రాయనన్నాడు. కారెక్కబోతూ, సూపర్‌వైజర్ రాసి పంపినదాంట్లో పసుపు అనే మాట చూసే వచ్చానన్నాడు. కందిరీగ గూళ్ళ కేసులు తనకి మామూలేననీ, వాటికైతే ఫోన్‌లోనే ముగించేస్తాననీ, ఇంత దూరం రాననీ చెప్పాడు. విమల నా వైపు చూసింది. నేను చేతిలోని కాడ వైపు చూశాను.

సెప్టెంబరు బ్యాచ్‌లో చేరాను. మూడేళ్ళ తరవాత ఎయిర్‌లైన్ తలుపు తెరుచుకుంది, వయసు పరిమితి కూడా అరవై అయిదుకి పెరిగింది, కెప్టెన్‌గానే రిటైరయ్యాను. విమానం అమ్మేదాకా దసరాకి విమల పూజ మానలేదు. బొట్టు ఒక్కటే, ప్రొపెల్లర్ ముందరి టోపీ మీద. పెట్టాక తనే నాతో పాటు చుట్టూ తిరిగేది.

ప్రీఫ్లైట్ తరవాత విమానాన్ని ఎవరు ముట్టుకున్నా మళ్ళీ మొదటి నుంచి చూడాలన్నది పుస్తకాల్లోనే ఉంది. అది తెలుసుకోడానికి ఈ సంఘటన అక్కర్లేదు. నేను నేర్చుకున్నది వేరు. చెడిపోయిన చోటు ఒకటి దొరకగానే మనిషి వెతకడం ఆపేస్తాడు, తొందరలో ఉన్నవాడు ఇంకా ముందే ఆపేస్తాడు. ఆ శనివారం నుంచి మంగళవారం దాకా ఆ విమానంలో తప్పేమిటో నాకు తెలుసనుకున్నాను కనకే రెండోది నాకు కనపడలేదు. ఎయిర్‌లైన్‌లో నా కోపైలట్లు ఏదైనా లోపం కనిపెట్టి సంబరంగా వచ్చి చెబితే, బాగుంది, ఇంకోటి ఎక్కడుందో చూసి రమ్మనేవాణ్ణి. వాళ్ళు విసుక్కునేవాళ్ళు. చాలాసార్లు రెండోది ఉండదు. ఆ మాట చూసి వచ్చాకే అనాలి.